తల్లిదండ్రులు వంద గజాల దూరంలో నిలబడవలెను

మా ఊళ్ళో తల్లిదండ్రుల బెడద ఇంత ఎక్కువగా ఉందని పరంజ్యోతి గారు వచ్చి చెప్పేదాకా మాకు తెలియదు.

మాది రైలు జంక్షను. నాలుగు దిక్కులకీ బళ్ళు పోతాయి. పిల్లల్ని మాయమాటలు చెప్పి తీసుకుపోయేవాళ్ళకి ఇంతకన్నా వీలైన ఊరు ఉండదు. ఆ మధ్య పక్క మండలంలో ఒక పిల్లని సొంత మేనమామే పని ఇప్పిస్తానని రైలెక్కించి ఎవరికో అప్పగించేశాడు. పోలీసులు ఎక్కడెక్కడో తిరిగి ఆ పిల్లని వెనక్కి తెచ్చారు గాని, దానికి మళ్ళీ మనుషుల్లో పడి నవ్వడానికి చాలా కాలం పట్టింది. పేపర్లలో వచ్చింది. పైనుంచి ఆదేశాలు వచ్చాయి. ఆ ఆదేశాల వెనకాలే బాలల రక్షణకి ప్రత్యేకాధికారిగా పరంజ్యోతి గారు వచ్చారు.

ఆయన అంతకుముందు చేపల శాఖలో ఉండేవారు. చేపపిల్లల సంరక్షణలో అంత అనుభవం ఉన్న మనిషి మామూలు పిల్లల సంరక్షణ చూడలేకపోతారా అని పై వాళ్ళు అనుకున్నట్టున్నారు.

నేను జంక్షను హైస్కూల్లో తెలుగు మాస్టారిని. జరిగింది జరిగినట్టు చెబుతాను.

చేరగానే పరంజ్యోతి గారిని రాజధానిలో శిక్షణకి పంపారు. అక్కడ ఎవరో పెద్దావిడ, పిల్లల్ని మోసగించేవాళ్ళు చాలాసార్లు కొత్తవాళ్ళు కారు, బాగా తెలిసినవాళ్ళే అని చెప్పిందిట. అది నిజమే. ఈయన ఆ మాట రాసుకున్నారు. ఆ తర్వాత ఆవిడ ఇంకా చాలా చెప్పిందట గాని, అప్పటికి టీ వచ్చింది.

ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఆయన ఊళ్ళో దిగారు. మా బడి ఆవరణలో సభ పెట్టించారు. మైకుసెట్టు గౌరునాయుడిది. పెళ్ళిళ్ళకి, జాతర్లకి, ఓట్ల ప్రచారానికి మా జంక్షనులో మైకు అంటే గౌరునాయుడే. మా వీధిలోనే ఉంటాడు. వాళ్ళ డిల్లేశ్వరి మా బళ్ళో పదో తరగతి.

"సభాసదులారా!" అన్నారు పరంజ్యోతి గారు. "పిల్లలకు ప్రమాదము ఎవరి వలన? పరిచయస్తుల వలన. ఎంత ఎక్కువ పరిచయమో అంత ఎక్కువ ప్రమాదము. ఇది నేనన్నది కాదు, అధ్యయనము అన్నది. మరి పిల్లలకు అందరికన్నా ఎక్కువ పరిచయము ఎవరు?"

మైకు దగ్గర నిలబడ్డ గౌరునాయుడు, అడిగారు కదా అని, "అమ్మా నాన్నా కదండీ" అన్నాడు.

"సెబాసు!" అన్నారాయన. వెంటనే అనుమానం వచ్చి, "మీకు పిల్లలున్నారా?" అని అడిగారు.

"ఒక్కతే అమ్మాయండి. అదిగో, ముందు వరసలో కూర్చుంది."

"అయితే మీరు కొంచెము దూరంగా జరగండి."

గౌరునాయుడు జరిగాడు. ఆయన ఇంకా జరగమన్నారు. చివరికి గౌరునాయుడు ప్రహరీ గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆ తర్వాత మైకు కుయ్యిమన్నా సరిచేసే దిక్కు లేక, మిగతా ఉపన్యాసమంతా ఆ కూతల మధ్యనే విన్నాం.

సారాంశం ఏమిటంటే, పిల్లలకి తెలిసిన మనుషుల్ని శాఖ మూడు శ్రేణులుగా విభజించింది. తల్లి, తండ్రి ప్రథమ శ్రేణి పరిచయస్తులు. వీళ్ళు అత్యంత ప్రమాదకరం. తాతలు, అమ్మమ్మలు, మేనమామలు ద్వితీయ శ్రేణి. ఇరుగుపొరుగు తృతీయ శ్రేణి. ఇక బొత్తిగా ముక్కూమొహం తెలియనివాళ్ళు, లెక్క ప్రకారం, నిరపాయకరులు.

"మరి మేం ఉపాధ్యాయులం కూడా పరిచయస్తులమే కదండీ" అన్నాను నేను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీ సంగతి వచ్చే దశలో" అన్నారు.

మర్నాడు బడి గేటుకి వంద గజాల దూరంలో రోడ్డుకి అడ్డంగా సున్నంతో గీత గీశారు. పక్కన బోర్డు పాతారు: "తల్లిదండ్రులు ఇచ్చటనే నిలబడవలెను." గీత దగ్గర అప్పలస్వామి అనే హోంగార్డుని పెట్టారు. పాపం మంచివాడే. అతనికీ ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి, డ్యూటీ గీతకి అవతలే చేసేవాడు.

మూడో రోజున వాన దంచికొట్టింది. గౌరునాయుడి భార్య రవణమ్మ కూతురికి గొడుగు పట్టుకుని వచ్చింది. నేను వానకి చిక్కుకుని, గీత పక్కనే ఉన్న టీకొట్టు చూరు కింద నిలబడి చూస్తున్నాను. గీత దగ్గర అప్పలస్వామి చెయ్యి అడ్డం పెట్టాడు.

"లోపలికి ఎల్లడానికి లేదమ్మా. ఆ పిల్లకి నువ్వేటవుతావు?"

"ఏటవుతానా? తల్లిని బాబూ!"

"అదే కదా చిక్కు. ఇంకేదైనా అయితే చూద్దుం."

"గొడుగిచ్చి వచ్చేస్తానయ్యా. దానికి మొన్ననే జొరం తగ్గింది."

"దానికి జొరం వచ్చిందని నీకు తెలుసు కదా. అంత తెలిసినోళ్ళనే రానివ్వద్దన్నారు."

అప్పుడే ఐసుబండి తోసుకుంటూ ఎవడో కుర్రాడు పోతున్నాడు. వాడిది ఈ ఊరు కాదు. అప్పలస్వామి వాణ్ణి ఆపి, "ఇగో, ఆ పిల్ల నీకు తెలుసా?" అని అడిగాడు. తెలియదన్నాడు వాడు. "అయితే ఈ గొడుగు పట్టుకెళ్ళి ఇచ్చీసి, పిల్లని తీసుకురా" అన్నాడు. రవణమ్మ వానలో తడుస్తూ నిలబడి, ఎవడో తెలియని మనిషి తన గొడుగులో తన కూతుర్ని నడిపించుకు రావడం చూసింది. వాడు నిజంగానే మంచివాడు. గొడుగు తిరిగిచ్చేసి తన దారిన తాను పోయాడు. కాని ఆ వచ్చే కాసేపట్లో రవణమ్మ మొహం నేను చూశాను.

ఈ సంఘటన పరంజ్యోతి గారి చెవిన పడింది. ఆయన పొంగిపోయారు. అందులోంచే 'అపరిచిత మిత్ర' పథకం పుట్టింది.

పథకం ప్రకారం బడి వదిలాక పిల్లల్ని ఇళ్ళకి చేర్చేది అపరిచితులు మాత్రమే. మిత్రుడికి పిల్ల తెలియకూడదు, పిల్ల ఇంటివాళ్ళు తెలియకూడదు, వీలైతే ఊరే తెలియకూడదు. మా జంక్షనులో ఒకరికొకరు తెలియని మనుషులు దొరకడం కష్టం కాబట్టి, మనుషుల్ని పంపి రైలు దిగినవాళ్ళని దిగినట్టు బడికి పట్టుకొచ్చేవారు. ఆకుపచ్చ పట్టీ ఒకటి భుజానికి తగిలించి, నలుగురేసి పిల్లల్ని అప్పగించేవారు. పట్టీ మీద 'ప్రభుత్వ గుర్తింపు పొందిన అపరిచితుడు' అని ఉండేది. ఆడవాళ్ళకైతే 'అపరిచితురాలు'.

తీర్థయాత్రకి పోతూ బండి మారదామని దిగిన ఒక ముసలాయన అలా రెండు రోజులు మా ఊళ్ళోనే ఉండిపోయాడు. ఊరు తెలియనివాళ్ళు పిల్లల్ని ఇంటికి ఎలా చేరుస్తారంటారా? పిల్లలే వాళ్ళ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవారు. ఇంటి దగ్గర తల్లులు వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, తండ్రులు సైకిలు మీద మళ్ళీ స్టేషన్లో దింపేవారు.

ఉన్నవాళ్ళలోకి ఉత్తముడు ఒరిస్సా నుంచి వచ్చిన దుప్పట్ల వర్తకుడు. తెలుగు ఒక్క ముక్క రాదు. ఇంతకన్నా అపరిచితుడు భూమ్మీద దొరకడని పరంజ్యోతి గారు స్వయంగా ఆయనకి పట్టీ వేశారు. కాని నాలుగు రోజులు తిరిగేసరికి పిల్లలు ఆయన్ని 'దుప్పటి మావయ్యా' అని పిలవడం మొదలుపెట్టారు. అధికారి చెవిన పడింది. "మావయ్య అనగా ద్వితీయ శ్రేణి" అని పట్టీ వెనక్కి లాగేసుకున్నారు. వర్తకుడు కళ్ళనీళ్ళు పెట్టుకుని, పిల్లలకి చెయ్యి ఊపుతూ బండెక్కాడు.

అలాంటి సమయంలో శోభారాణి దిగింది.

శుభ్రమైన నేత చీర, చేతిలో చిన్న సంచీ, నెమ్మదైన మాట. ఆవిణ్ణి ఎవరూ పట్టుకురాలేదు. తనే బడికి వచ్చి, అక్కడే ఉన్న పరంజ్యోతి గారికి నమస్కారం పెట్టి, "నాకీ ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరు తెలియదండీ" అంది. ఆయన కళ్ళు చెమర్చాయి. వెతుక్కుంటూ తిరుగుతుంటే అపరిచితురాలే నడిచి వచ్చింది మరి.

ఆవిడ శ్రద్ధ కూడా అలాంటిదే. ఏ పిల్లలు చదువులో వెనకబడ్డారు, ఎవరింట్లో జరుగుబాటు కష్టంగా ఉంది, ఎవరు ఇంట్లో అలిగి ఉన్నారు, అన్నీ మా హెడ్మిస్ట్రెస్ సత్యవేణి గారిని అడిగేది. నేను ఉండబట్టలేక, "ఇవన్నీ ఈవిడకెందుకండీ?" అన్నాను పరంజ్యోతి గారితో.

"మాస్టారూ, మీది పరిచయస్తుల దృక్పథము" అన్నారాయన. "ఆమెకు ఎవరూ తెలియదు కనుకనే అడుగుచున్నది. తెలిసినవారు అడుగుదురా?"

శోభారాణికి అప్పగించిన పిల్లల్లో డిల్లేశ్వరి ఒకతి. దాని స్నేహితురాళ్ళు సుందరి, నూకాలు కూడా ఆ గుంపులోనే ఉన్నారు. ఇక్కణ్ణించి కొంత నేను చూసింది, కొంత రవణమ్మ తర్వాత నాకు చెప్పింది.

ఒక సాయంత్రం డిల్లేశ్వరి జడకి కొత్త క్లిప్పు పెట్టుకుని ఇంటికొచ్చింది. రాళ్ళు పొదిగిన క్లిప్పు, బజార్లో బాగానే ఖరీదుంటుంది. అన్నం సరిగ్గా తినలేదు. పిలిస్తే ఉలిక్కిపడుతోంది. రవణమ్మకి ఒళ్ళు మండింది. ఎక్కడిదే ఇది అని రెక్క పుచ్చుకోబోయింది. గౌరునాయుడు కళ్ళతోనే వద్దన్నాడు. భార్యని దొడ్లోకి పిలిచి, "ఇప్పుడు కేకలేసావంటే అది నోరు మూసీసుకుంటాది. ఆనక మనకి ఏటీ తెలీదు. నువ్వు ఊరికే దాని పక్కన కూకో" అన్నాడు.

రవణమ్మకి ఊరికే కూర్చోవడం ఎప్పుడూ అలవాటు లేదు. అయినా కూర్చుంది. గోంగూర కట్ట ముందేసుకుని, కూతుర్ని కూడా ఆకు తుంచమంది. ఇద్దరూ సగం కట్ట తుంచేదాకా ఏమీ అడగలేదు.

"క్లిప్పు బావుందే" అంది చివరికి. "నీ జడకి బాగా నప్పింది. ఎవరిచ్చారు?"

డిల్లేశ్వరి తలెత్తలేదు. "చెబితే తిడతావు."

"తిట్టను."

"ఒట్టు?"

"ఒట్టు. తిట్టాలనిపిస్తే ఈ గోంగూరని తిడతాను. చెప్పు."

పిల్ల నవ్వింది. నవ్వాక మాట వచ్చింది. శోభక్క ఇచ్చింది. శోభక్క చాలా మంచిది. పెద్ద ఊళ్ళో బ్యూటీపార్లరు పని నేర్పిస్తారట, హాస్టలు ఉచితమట, మూడు నెలల్లో జీతం. సుందరి, నూకాలు కూడా వస్తున్నారు. ఇంట్లో మాత్రం ఇప్పుడే చెప్పొద్దంది. మొదటి జీతం పంపించి అమ్మానాన్నల్ని ఒక్కసారిగా సంతోషపెట్టాలట.

గోంగూర కాడలు రవణమ్మ చేతిలో నలిగిపోయాయి. కాని ఒట్టేసింది కదా.

గౌరునాయుడు వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. "పని నేర్చుకోవడం మంచిదే అమ్మడూ. నేను కాదన్ను" అన్నాడు నెమ్మదిగా. "నేనూ నీతో వస్తాను. ఆ హాస్టలు చూసి, నిన్ను దింపి వచ్చేస్తాను. అడ్రసు ఏటో ఆవిణ్ణి అడుగు. ఇంతకుముందు ఎల్లి నేర్చుకున్న పిల్ల ఎవర్తైనా ఉంటే ఫోన్లో ఒకసారి మాట్లాడించమను. మంచి చోటయితే ఈ రెండూ చెప్పడానికి ఏటి ఇబ్బంది?"

"అంతేనా?" అంది డిల్లేశ్వరి. వద్దంటారనుకుంటే ఇలా అనేసరికి దానికీ తేలిక అయింది.

"అంతే. ఇంకోటి. ఎవరైనా సరే, అమ్మకి చెప్పొద్దు అన్నారంటే, ఆ మాట ముందు అమ్మకే చెప్పాలి. నేను చెప్పొద్దన్నా అంతే. అర్థమైందా?"

మర్నాడు డిల్లేశ్వరి అడిగింది. అడ్రసు మాటెత్తగానే శోభక్క మొహం మారిపోయిందట. "నా మీద నమ్మకం లేదా? ఇంట్లో చెప్పేశావా?" అంది. డిల్లేశ్వరి తెలివిగా, "లేదక్కా, నాకే తెలుసుకోవాలని" అంది. అప్పుడు శోభక్క మళ్ళీ నవ్వి, దాన్ని దగ్గరికి తీసుకుని, "పిచ్చిదానా, మీ అమ్మకన్నా నేనే నిన్ను ఎక్కువ అర్థం చేసుకున్నాను. నీకు తెలిసినవాళ్ళలో నీ మంచి కోరేదాన్ని నేనొక్కదాన్నే. రేపు మధ్యాహ్నం బండికే వెళుతున్నాం. బళ్ళోంచే నేను పిలుచుకుపోతాను. వద్దనుకుంటే నీ చోటు ఇంకెవరికైనా ఇచ్చేస్తాను" అంది.

ఆ సాయంత్రం డిల్లేశ్వరి ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మా, నాకు భయమేస్తోంది" అని తల్లిని పట్టేసుకుంది.

గౌరునాయుడు వెంటనే పిల్లల హెల్ప్‌లైనుకి ఫోన్ చేశాడు, పది తొంభై ఎనిమిదికి. అవతలి అమ్మాయి అన్నీ అడిగి తెలుసుకుంది. రైల్వే పోలీసులకి చెబుతామంది. పిల్లని రేపు మీ దగ్గరే ఉంచుకోండి, ఆవిడతో మీరు గొడవ పడకండి అని చెప్పింది. సుందరి వాళ్ళింటికి, నూకాలు వాళ్ళింటికి రవణమ్మ వెళ్ళింది. రెండిళ్ళకీ తాళాలు. పెద్దవాళ్ళు వేరే ఊరు నాట్లకి వెళ్ళారు, పిల్లలు ముసలమ్మల దగ్గర ఉంటున్నారని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ ముసలమ్మలు ఎక్కడుంటారో కనుక్కుని వెళ్ళేసరికి పిల్లలు లేరు, ఏదో సినిమాకి వెళ్ళారన్నారు. రేపు బడికి పంపొద్దని ముసలమ్మలకి మరీ మరీ చెప్పి వచ్చింది. కాని ఆ ముసలమ్మల మాట ఆ పిల్లలు వినలేదు.

తెల్లారాక మొగుడూ పెళ్ళాం పిల్లనీ నన్నూ వెంటేసుకుని పరంజ్యోతి గారి ఆఫీసుకి వెళ్ళారు. శోభారాణి పట్టీ వెనక్కి తీసుకుని, ఆవిడకి పిల్లల్ని అప్పగించొద్దని బడికి ఒక్క మాట చెప్పమని అడిగారు.

ఆయన పదకొండింటికి వచ్చి, అంతా విన్నారు. "ఫిర్యాదుదారులు ఎవరు?"

"మేమేనండి. పిల్ల అమ్మా నాన్నా."

"అచ్చటనే మీ కేసు బలహీనపడుచున్నది" అన్నారాయన విచారంగా. "ఒక అపరిచితురాలిపై ప్రథమ శ్రేణి పరిచయస్తులు చేయు ఫిర్యాదును శాఖ స్వీకరించజాలదు. స్వీకరించినచో, రేపు ప్రతి తల్లియు తన బిడ్డ గురించి వచ్చి మాట్లాడును."

"మాట్లాడకూడదా బాబూ?" అంది రవణమ్మ.

"మీరు ఉద్రిక్తముగా ఉన్నారు. అనగా మీకు బిడ్డపై మమకారము అధికము. ఇది నేను నమోదు చేసుకొనవలసి యుండును." తర్వాత ఆయన డిల్లేశ్వరి వైపు చూసి, "ఈ బాలిక పేరేమి?" అన్నారు.

"డిల్లేశ్వరి అండి."

"పేరులోనే దూరప్రయాణము ఉన్నది. మనము ఆపువారము ఎవరము?"

రవణమ్మ కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

బడి దగ్గరికి వచ్చేసరికి అప్పలస్వామి చెయ్యి అడ్డం పెట్టాడు. నేను గీత దాటి లోపలికి పరిగెత్తాను. సత్యవేణి గారు నన్ను చూసి, "సుందరీ నూకాలూ ఇప్పుడే వెళ్ళారు మాస్టారూ, శోభారాణి గారితో. భుజాన పట్టీ ఉంది కదా, నియమం ప్రకారమే పంపాను" అన్నారు. "డిల్లేశ్వరి రాలేదేమని ఆవిడ చాలా బాధపడింది."

నేను బయటికి వచ్చి చెప్పాను. అప్పలస్వామి అడ్డంగా పెట్టిన చెయ్యి దించేశాడు. "పదండి మాస్టారూ" అని మాకన్నా ముందు అతనే స్టేషను వైపు పరిగెత్తాడు.

బండి ఇంకా రాలేదు. రెండో ప్లాట్‌ఫారం మీద, నీళ్ళ కుళాయి పక్కన, శోభారాణి ఇద్దరు పిల్లలతో కూర్చుని ఉంది. ఆకుపచ్చ పట్టీ భుజానికి మెరుస్తోంది. అప్పటికే రైల్వే ఎస్సై ఇందుమతి గారు, ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆవిడ ముందు నిలబడి ఉన్నారు. హెల్ప్‌లైను వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. రవణమ్మ ఒక్క పరుగున వెళ్ళి సుందరినీ నూకాలునీ రెండు చేతుల్తో తన వైపు లాక్కుంది.

"నేను ప్రభుత్వ గుర్తింపు పొందిన దాన్ని" అని శోభారాణి పట్టీ చూపించింది. "కావాలంటే ప్రత్యేకాధికారి గారిని అడగండి."

అడగక్కర్లేకపోయింది. పరంజ్యోతి గారు జీపు దిగి, మెట్లవంతెన ఎక్కి, ఆయాసపడుతూ వస్తూనే ఉన్నారు. ఒక అపరిచితురాలిని పోలీసులు వేధిస్తున్నారని ఆయనకి తెలిసింది.

"తల్లిదండ్రులు దూరము! వంద గజములు!" అని వంతెన మీదనుంచే అరిచారు.

వంద గజాలంటే సరకుల గిడ్డంగి దాటి పట్టాల మీదికి పోవాలి. రవణమ్మ కదల్లేదు.

"ఎస్సై గారూ" అన్నారు పరంజ్యోతి గారు గస పోసుకుంటూ, "ఈమె మా శాఖ నియమించిన వ్యక్తి. ఈ బాలికలతో ఈమెకు ఎట్టి పరిచయమూ లేదు. కనుక ఈమె నిరపాయకరురాలు. ఇది శాస్త్రము."

ఎస్సై ఇందుమతి గారు ఆయన్ని ఒకసారి చూశారు. ఆవిడ శోభారాణి సంచీ అడిగింది. శోభారాణి ఇవ్వనంది. "నా వస్తువులు ముట్టుకోవడానికి వీల్లేదు. సార్, మీరే చెప్పండి."

"ముట్టుకొనరాదు" అన్నారు పరంజ్యోతి గారు.

అప్పుడు డిల్లేశ్వరి తల్లి వెనకనుంచి ముందుకొచ్చింది.

"సార్, శోభక్క మాకు బాగా తెలుసు. మా అమ్మకన్నా ఎక్కువ తెలుసునని శోభక్కే చెప్పింది."

పరంజ్యోతి గారు ఆగిపోయారు. "ఏమంటివి?"

"మా అమ్మకన్నా నన్ను ఎక్కువ అర్థం చేసుకుంది తనేనంది. నా మంచి కోరేది తనొక్కతేనంది. సుందరికి కూడా అలాగే చెప్పింది. కదే సుందరీ?"

సుందరి ఏడుస్తూ తలూపింది. నూకాలు, "మా నాయనమ్మ మందుల పేర్లు కూడా తెలుసండి శోభక్కకి" అంది.

పరంజ్యోతి గారి మొహంలో రంగులు మారడం మేమంతా చూశాం. మనిషి లోపల ఏదో పెద్ద లెక్క తిరుగుతోంది. తల్లి ప్రథమ శ్రేణి. తల్లికన్నా దగ్గరివాళ్ళు ఏ శ్రేణి? అలాంటి శ్రేణి శాఖలో ఇంకా పుట్టనే లేదు. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

"అయ్యో!" అన్నారు. "ఈమె పరిచయస్తురాలు! అతి సన్నిహిత పరిచయస్తురాలు! ఎస్సై గారూ, చూచుచూ నిలబడితిరేమి? పట్టుకొనండి!"

శోభారాణి పట్టాల వైపు దూకబోయింది. అప్పలస్వామి ఎదురుగా వెళ్ళి చెయ్యి అడ్డం పెట్టాడు. కానిస్టేబుల్ వచ్చి పట్టుకుంది. సంచీ విప్పితే పిల్లల పేర్లు మార్చి తీసిన టిక్కెట్లు కనబడ్డాయి. ఆ టిక్కెట్లు ఆవిడ చెప్పిన ఊరికి కావు, అటు దిక్కుకే కావు. అవి చూశాక సుందరి అక్కడే కూలబడింది. రవణమ్మ ఆ పిల్ల తలని ఒళ్ళో పెట్టుకుని, బండి వచ్చి వెళ్ళిపోయేదాకా వీపు నిమురుతూ కూర్చుంది. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. పరంజ్యోతి గారు కూడా కాసేపు వంద గజాల మాట మరిచిపోయారు.

ఆ కాసేపే. తర్వాత ఆయన నివేదిక పంపారు. "పరిచయమే ప్రమాదమన్న సిద్ధాంతము క్షేత్రస్థాయిలో సంపూర్ణముగా నిరూపితమైనది. అపరిచితురాలిగా ఉన్నంత కాలము ఆమె నిష్కళంకురాలు. పరిచయమైన మరుక్షణము నేరస్తురాలైనది." పై వాళ్ళకి ఇది బాగా నచ్చింది. ఆయనకి శాలువా కప్పి, ఇంకా పెద్ద బాధ్యత అప్పగించారు. ఇప్పుడు రోడ్డు భద్రత చూస్తున్నారు. ప్రమాదాలన్నీ రోడ్ల మీదే జరుగుతున్నాయని ఆయన గమనించారట. ఏం చేస్తారో చూడాలి.

తర్వాత వచ్చిన అధికారిణి వయసులో చిన్నది. మొదటి రోజే తల్లుల్ని బడిలోకి పిలిచి, కుర్చీలు వేయించి, వాళ్ళు చెప్పేది చాలాసేపు విన్నది. మా సత్యవేణి గారికి ఆ పద్ధతి అంతుపట్టలేదు గాని, ఇప్పుడు ఎవరు ఏ పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చినా ఆవిడ ముందు ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటున్నారు.

కొన్నాళ్ళ తర్వాత పిల్ల ఎలా ఉందో చూద్దామని నేను గౌరునాయుడి ఇంటికి వెళ్ళాను. పొద్దు వాలుతోంది. రవణమ్మ పొయ్యి దగ్గర చేపలు వేయిస్తోంది. గౌరునాయుడు అరుగు మీద పాడైన మైకు విప్పుకుని కూర్చున్నాడు. డిల్లేశ్వరి నన్ను చూసి, లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికి వచ్చి, తల్లి వెనకాల నిలబడింది.

"అమ్మా, నీకో మాట చెప్పాలి. తిట్టవు కదా?"

రవణమ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. గౌరునాయుడి చేతిలో స్క్రూ జారి కిందపడింది. ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"చెప్పమ్మా" అంది రవణమ్మ, వీలైనంత మెత్తగా.

"లెక్కల్లో పదకొండొచ్చాయి."

"ఎన్నిటికి?"

"వందకి."

రవణమ్మ నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. మెడ నరాలు పొంగాయి. అట్లకాడ వైపు ఒకసారి, ఆకాశం వైపు ఒకసారి చూసింది. నేను నా చెప్పులు ఎక్కడున్నాయో చూసుకున్నాను.

"మార్కులు ఎప్పుడిచ్చారు?" అంది చివరికి.

"ఇవాళే."

"ఇవాళిచ్చినవి ఇవాళే చెప్పేసావా?"

"ఊఁ."

రవణమ్మ అట్లకాడ పక్కన పెట్టింది. చీర చెంగుతో మొహం తుడుచుకుని, పీట జరిపి, పళ్ళెంలో బాగా వేగిన చేపముక్క వేసింది.

"కూకో. ముందు తిను" అంది. "ఆ మిగతా ఎనభై తొమ్మిదీ ఎక్కడికి పోయాయో తిన్నాక చెబుదువుగాని."

డిల్లేశ్వరి కూర్చుని, ముళ్ళు తీసుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది. లెక్కల మాస్టారి గురించి, పక్కబెంచీ గురించి, ఆ రోజు బళ్ళో జరిగినవన్నీ. వాటిలో చాలావాటికి లెక్కలతో ఏ సంబంధమూ లేదు. రవణమ్మ పొయ్యి మంట తగ్గించి, వింటూ కూర్చుంది.